చిల్లర బాకీ

మెడలో బంతిపూల దండ, భుజం మీద శాలువా,
చేతిలో డిపో వాళ్ళిచ్చిన గోడ గడియారం.
టికెట్ మిషనూ విజిలూ బల్ల మీద పెట్టి
సంతకం చేసి బయటికొచ్చాను.
ముప్పై మూడేళ్ళలో మొదటిసారి
కిటికీ పక్కన కూర్చుని ఇంటికెళ్ళాను.

ఆ తర్వాత ఏడాదిన్నర
తెల్లారుజామున మూడున్నరకే మెలకువ.
మాచర్ల మొదటి సర్వీసు వేళ అది.
బస్సు వెళ్ళిపోయేది, నేను మంచం మీదే ఉండేవాణ్ణి.
చర్చిలో పాటకి లేచి నిలబడితే
ఎవరో బ్రేకు వేసినట్టు ఒళ్ళు ముందుకు తూలేది.
నిద్రలో "సర్దుకోండి, సర్దుకోండి" అంటుంటే
"ఎవర్నయ్యా సర్దుకోమంటావు,
ఈ మంచం మీద ఉన్నది మనిద్దరమే" అనేది సంపూర్ణమ్మ.

ప్రార్థనలో అడిగేవాణ్ణి:
ప్రభువా, నా స్టేజీ వచ్చేసిందా? దిగిపొమ్మంటావా?
జవాబు లేదు.
నల్లచెరువు మూడో లైన్లో కుక్కలు మాత్రం అరిచేవి.

సంపూర్ణమ్మ కంటి శుక్లాలకని
పెద్దాసుపత్రికి వెళ్ళిన మంగళవారం
ఓపీ చీటీల వరస దగ్గర ఒక ముసలాయన.
పంచె అంచున సున్నపురాయి దుమ్ము, దాచేపల్లి వైపు మనిషి.
బోర్డుని తలకిందులుగా వేలాడదీసినట్టు
మెడ వంచి వంచి చూస్తున్నాడు.
నా నోటెంట దానంతటదే వచ్చింది:
"ఎక్కడ దిగాలి పెద్దాయనా?"
ఆయన నవ్వలేదు.
"గుండె కాడ" అన్నాడు.

చెయ్యి పట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్ళాను.
తిరిగొచ్చేసరికి సంపూర్ణమ్మ నంబరు దాటిపోయింది.
ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఎవరికీ జబ్బు లేకుండానే.
"ఎక్స్‌రే వాళ్ళు ఎడమ పక్కకి, రక్తపరీక్ష మేడ మీద,
నడవలేనివాళ్ళు నాతో రండి,
మిగతావాళ్ళు ముందుకు జరగాలి, ముందుకు జరగాలి!"
బస్సు లేదు. గొంతుంది.

మూడోరోజు సెక్యూరిటీ కుర్రాడు కాలరు పట్టుకున్నాడు.
"ఏం బ్రోకరూ, చీటీకి ఎంత నొక్కుతున్నావ్?"
గేటు బయట టీకొట్టు దగ్గర కూలబడితే
గ్లాసు చేతిలో నిలవలేదు.

ఎంత నొక్కావ్.
ఆ మాటకి జవాబు నాకు తెలుసు.
టికెట్టు వెనక మూడనో నాలుగనో రాసి, గుండ్రంగా చుట్టి
"దిగేటప్పుడు తీసుకో" అనేవాణ్ణి.
మర్చిపోయి దిగినవాళ్ళు ఎందరో.
నకరికల్లు అడ్డరోడ్డులో మాత్రం ఒకావిడ మర్చిపోలేదు.
చంకలో పిల్లాడితో, కదిలిన బస్సు వెనక
ఏడు రూపాయల కోసం పరిగెత్తింది.
చూశాను.
చూసి, రైట్ రైట్ అని విజిలేశాను.
ఆ ఆదివారం కానుక సంచిలో నేను వేసిన చిల్లరలో
ఆమె ఏడు రూపాయలూ ఉండే ఉంటాయి.

ప్రభువు నన్ను దింపెయ్యలేదు.
నా టికెట్టు వెనక కూడా ఏదో రాసి గుండ్రం చుట్టాడు.
అది నాకు రావలసిందో, నేను ఇవ్వవలసిందో
ఆ దస్తూరీ ఇప్పటికీ సరిగా కూడబలుక్కోలేకపోతున్నాను.

టీ అలాగే వదిలేసి లోపలికెళ్ళి కుర్రాడితో అన్నాను:
"నొక్కింది నిజమేనయ్యా. తిరిగివ్వడానికే వచ్చాను."
వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి పక్కకి తప్పుకున్నాడు.
ఇప్పుడు ఆ మస్తాన్ వలీయే తన స్టూలు నాకు వేస్తాడు.

అరవై మూడు నడుస్తోంది.
మోకాళ్ళు మొరాయిస్తాయి, మధ్యాహ్నానికి గొంతు బొంగురు.
సంపూర్ణమ్మకి ఇప్పుడు రెండు కళ్ళూ బాగా కనిపిస్తున్నాయి,
నా తప్పులతో సహా.
పొద్దువాలే వేళ కూలికి పిలిచి
పొద్దుటివాళ్ళతో సమంగా ఇచ్చే యజమాని ఆయన,
నేను రేటు మాట్లాడుకోలేదు.

నిన్న నకరికల్లు నుంచి ఒకామె,
పురిటికి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.
మొహం పరిశీలనగా చూశాను. ఆవిడ కాదు, వయసు చాలదు.
చక్రాల కుర్చీ తోసుకుంటూ
కాన్పుల వార్డు మలుపు తిరిగేటప్పుడు
లోపల ఏడు కొట్టేసి
ఆరు అని రాసుకున్నాను.